నల్లబడిన వెండి నాణెములు

మన ఇండ్లలో పూజగది పెట్టెలోనో, భోషాణము అడుగున ఒక గుడ్డమూటలోనో నాలుగు పాత వెండి రూపాయలైన లేని సంసారములు తక్కువ. అమ్మమ్మకు పెండ్లినాడు అత్తవారు ఒడిలో పోసినవి కొన్ని. తాతగారు ధాన్యము అమ్మి తెచ్చి దాచినవి కొన్ని. బిడ్డ పుట్టిననాడు పెద్దలు చేతిలో పెట్టిపోయినవి కొన్ని. అంగడిలో ఇవి చెల్లుట మాని చాలకాలమైనది. అయినను వీనిని విడుచుటకు మనసొప్పువారు లేరు. వరలక్ష్మీ వ్రతమునకును, దీపావళినాటి లక్ష్మీపూజకును వీనిని వెలికి తీయుదురు. మూట విప్పగానే మొదట కనబడునది నలుపు. అమ్మవారి యెదుట నల్లని వెండిని పెట్టుట యెట్లని చింతపండు, విబూది, ముగ్గుపిండి, పండ్లపొడి, వీనిలో చేతికందినదానిని తీసికొని, తెల్లగా మెరయువరకు తోముదురు.

ఇట్లు ఏటేట తోమిన రూపాయిని, ఎన్నడును తోమని రూపాయిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. తోమినదానిపై విక్టోరియా రాణి ముక్కు చదునైయుండును. కిరీటములోని పూవులు, జుట్టుపాయలు ఒకదానిలో నొకటి కలిసిపోయియుండును. వెనుకప్రక్క సంవత్సరపు అంకెలు చేతితో తడవినను తెలియవు. మెరుపు కలదు గాని ముఖము లేదు. ఈ నష్టము ఒక్కనాడు జరిగినది కాదు గనుక ఎవరి కంటికిని ఆనలేదు. ముప్పది, నలువది శ్రావణమాసములలో కొంచెము కొంచెముగా జరిగినది. పోయిన ముద్రను మరల తెచ్చు ఉపాయము ఏ కంసాలివద్దను లేదు.

కావున నాణెములను శుభ్రపరచు పద్ధతిని చెప్పుటకు ముందు, ఆ నలుపు ఏమిటో చెప్పుట అవసరమని తలచుచున్నాము. అది తెలిసినచో ఏది చేయవచ్చునో, ఏది కూడదో ఎవరికి వారే నిర్ణయించుకొనగలరు.

ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి త్రుప్పు పట్టును. వెండి సాధారణముగా ప్రాణవాయువుతో కలియదు; దానికి పొత్తు కుదురునది గంధకముతో. మన చుట్టునుండు గాలిలో గంధకము కలిసిన వాయువులు అతి స్వల్పముగా నుండును. కుళ్లిన గ్రుడ్డు వాసనకు కారణమైన హైడ్రొజన్ సల్ఫైడు అను వాయువు అట్టిది. అది తగిలినచోట వెండి గంధకముతో కలిసి సిల్వర్ సల్ఫైడు అను నల్లని పదార్థముగా మారును. మొదట ఆ పొర మిక్కిలి పలుచన. తలవెంట్రుక మందములో సుమారు వేయవ వంతు. అప్పుడది పసుపుగా, బంగారు ఛాయగా కనబడును. పొర మందగించుకొలది గోధుమరంగు, ఊదా, నీలము వచ్చి, తుదకు నల్లబడును. నీటిపై తేలిన నూనెచుక్కలో ఇంద్రధనుస్సు రంగులు కనబడుట కేది కారణమో, ఈ రంగులకును అదియే కారణము. పలుచని పొరలో వెలుతురు చేయు చిత్రమది.

ఇందు గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. నాణెముపై నున్న నలుపు బయటినుండి వచ్చి అంటుకొన్న మురికి కాదు. ఆ నలుపులో వెండి యున్నది. రాణి ముఖముపై నిన్నటివరకు నున్న వెండియే గంధకముతో కలిసి నల్లనైనది. కావున నలుపును గీకివేసినచో వెండినే గీకివేసినట్లు. క్రొత్తగా బయటపడిన వెండి మరల నల్లబడును, మరల తోముదుము, మరల కొంత ముద్ర పోవును.

మరి చింతపండు రాగిచెంబును, ఇత్తడి బిందెను క్షణములో తళతళలాడించును గదా, వెండికేల పనికిరాదని కొందరడుగవచ్చును. రాగి, ఇత్తడి పాత్రలపై పట్టు మకిలలో ఎక్కువ భాగము ఆక్సైడులు, కార్బొనేటులు. చింతపండులోని పులుపు వానిని కరిగించును. సిల్వర్ సల్ఫైడు అట్టిది కాదు. నిమ్మరసముగాని, చింతపండు పులుసుగాని దానిని కరిగింపజాలవు. చింతపండుతో తోమినప్పుడు వెండి తెల్లబడుచున్నదన్నచో, ఆ పని చేయునది చింతపండు కాదు. దానితో కలిపిన విబూదియు, చేతిబలమును. వెండి మెత్తని లోహము. కాఠిన్యమును కొలుచు మో కొలమానములో వెండి స్థానము 2.5 మొదలు 3 వరకు; ఇసుకరాయి రేణువుది 7. పేడబూడిదలోను, ఇటుకపొడిలోను, ముగ్గుపిండిలోను గట్టి రేణువులుండును. వానితో తోముట మెత్తని చెక్కను ఆకురాయితో రుద్దుటవంటిది. పండ్లపొడియు, పండ్లకు వాడు పేస్టును కొంత నయమే గాని, అవియు గీతలు పెట్టకుండ విడువవు.

పులుపువలన మరియొక కీడు కలదు. నాణెము కేవలము వెండి కాదు. గట్టిదనమునకై అందు రాగి కలుపుదురు. పులుసులో నాణెమును రాత్రియంతయు నానవేసినచో, పైభాగమునందలి రాగి కరగిపోయి, వెండి పాలిపోయినట్లు జీవములేని తెల్లదనము వచ్చును. కరగిన రాగి ఒక్కొక్కప్పుడు తిరిగివచ్చి ఎఱ్ఱని మచ్చలై కూర్చుండును.

ఇక మన ఇండ్లలోని నాణెములేవో చూతము. 1835లో ఈస్టిండియా కంపెనీ దేశమంతటికిని ఒకే రూపాయిని ఏర్పరచినది. దాని బరువు 180 గ్రెయినులు, అనగా ఒక తులము. ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. అందు 12 పాళ్లలో 11 పాళ్లు వెండి, ఒక పాలు ఇతర లోహము. రూపాయి బరువు తులమునకు సరిగా నుండుటచేతనే వెనుకటి ఇల్లాండ్రు రూపాయలనే తూనికరాళ్లుగా వాడిరి. 80 రూపాయల ఎత్తు ఒక సేరు. విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి బొమ్మలుగల రూపాయలన్నియు ఈ కొలతవే. ఆరవ జార్జి కాలమున యుద్ధమువలన వెండి కరవై, 1940 మొదలు 1945 వరకు ముద్రించిన రూపాయిలో వెండిని సగమునకు తగ్గించిరి. మిగిలిన సగములో రాగి 40 పాళ్లు, నికెలు 5, తుత్తునాగము 5. ఈ సగపు వెండి రూపాయలకు పులుపు సోకరాదు. రాగి యెక్కువ గనుక త్వరగా చెడును. 1947నాటి పులిబొమ్మ రూపాయిలో వెండి లేనేలేదు, అది నికెలు. అయస్కాంతము దగ్గరకు తెచ్చినచో అంటుకొనును. వెండి అంటుకొనదు.

తెలంగాణమునందలి ఇండ్లలో నిజాముల హాలీ సిక్కా రూపాయలుండును. యంత్రముపై ముద్రింపబడిన చార్మినారు రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందు వెండి నూటికి సుమారు 82 పాళ్లు. చార్మినారు నడిమి ద్వారములో ఒక చిన్న ఉర్దూ అక్షరముండును. మీర్ మహబూబ్ అలీఖానుని నాణెమైనచో ‘మీం’, మీర్ ఉస్మాన్ అలీఖానుని నాణెమైనచో ‘ఐన్’. నాణెము ఏ ప్రభువునాటిదో ఒక్కచూపులో తెలుపు గురుతు అది. పండ్లపొడితో నాలుగేండ్లు తోమినచో మొదట మాయమగునదియు అదియే. ఇంగ్లీషు రూపాయలపై టంకశాల గురుతులును ఇట్టివే. బొంబాయిలో అచ్చయినదానిపై చిన్న చుక్కగాని, ‘బి’ అక్షరముగాని యుండును. లాహోరుదానిపై ‘ఎల్’ అక్షరముండును. కలకత్తాదానిపై సాధారణముగా ఏ గురుతును ఉండదు. ఒకే సంవత్సరపు రెండు రూపాయలలో ఒకటి సామాన్యముగాను, మరియొకటి అరుదుగాను ఎంచబడుటకు ఆవగింజంతటి ఈ చుక్కయే కారణము కావచ్చును.

నాణెములను సేకరించువారు నల్లదనమును తప్పుగా ఎంచరు. వయసుతో సమముగా వచ్చిన నీలి, గోధుమ ఛాయను వారు కోరి తీసికొందురు. నాణెము ఎవరి చేతను నలుగలేదనుటకు అది సాక్ష్యము. తోమిన నాణెమును భూతద్దములో చూచినచో ఒకే వైపునకు సాగిన సన్నని గీతలు వేలకొలది కనబడును. వానిని చూచిన వెంటనే వెల తగ్గింతురు. పాత నాణెమును అమ్మదలచి, ‘మంచి వెల వచ్చునుగదా’ యని తళతళలాడునట్లు తోమి తీసికొనిపోవువారు ఆ వెలను తామే పోగొట్టుకొనుచున్నారు.

ఈ కారణములచేత, నీళ్లు ముట్టుటకు ముందు నాణెములను మూడు భాగములుగా వేరుపరచుకొనవలెనని మా సలహా.

మొదటి భాగము, భూమిలో దొరికినవి. పునాది త్రవ్వునప్పుడో, పొలము దున్నునప్పుడో, పాతగోడ పడగొట్టునప్పుడో దొరికిన నాణెములను ఇంట కడుగనే కూడదు. ఎందుకో ఒక ఉదాహరణము చెప్పుదుము. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబి గ్రామమున 13,000కు పైగా వెండి నాణెములు దొరికినవి. అవి క్షహరాత వంశపు నహపానునివి. వానిలో సుమారు 9,000 నాణెములపై శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించెను. క్రొత్త ముద్రయైన పర్వతచిహ్నము క్రింద పాతరాజు ముఖపు జాడ ఇంకను నిలిచియున్నది. ఆంధ్రులు తమవారిగా చెప్పుకొను ఆ చక్రవర్తి నహపానుని జయించి, అతని ధనమునే తన నాణెముగా మార్చెనను విషయమునకు ఆ జాడలు గట్టి సాక్ష్యము. దొరికినవారు వానిని ఇటుకపొడితో తోమియున్నచో ఆ చరిత్ర ఇటుకపొడితోనే పోయెడిది. నాణెముల మీది మన్ను, అవి యున్న కుండ, దొరికిన లోతు, ఇవి యన్నియు పండితులకు పనికివచ్చునవే. పైగా 1878నాటి నిక్షేపముల చట్టము ననుసరించి, భూమిలో 10 రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరికినవారు ఆ సంగతిని కలెక్టరుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. కావున అట్టివానిని ఉన్నవి ఉన్నట్లు పొడికాగితములో పెట్టి అధికారులకు తెలుపుటయే మేలు.

రెండవ భాగము, ముద్ర చెడనివి, అరుదైనవి, లేదా ఏవో తెలియనివి. అక్షరములు పదునుగానుండి, అంచు గీతలు చెడక, ఛాయ సమముగానున్న నాణెమును అట్లే యుంచవలెను. తెలియనిదానిని తెలిసినవారికి చూపించువరకు ముట్టకుండుటయే మంచిది. నేడు కడుగనిదానిని రేపు కడుగవచ్చును. నేడు తోమినదానిని రేపు తోమనిదానిగా చేయలేము.

మూడవ భాగము, ఇదివరకే చాలసార్లు తోమబడి అరిగినవి, పూజకు వాడుకొనునవి. వెండి యెక్కువగాగల ఇట్టి సామాన్యపు రూపాయలకు ఇక చెప్పబోవు పద్ధతులు రెండును తగును. 1969లో గాంధీజీ శతజయంతికి వెలువడిన 10 రూపాయల నాణెమునందు నూటికి 80 పాళ్లు వెండి కలదు. వాడుకలో నలిగిన అట్టి నాణెములును ఈ భాగములో చేరును. 1940–45 నాటి సగపు వెండి రూపాయలకు మాత్రము మొదటి పద్ధతియే చాలును.

మొదటి పద్ధతి మురికిని వదలించునది. పూజనాణెములపై నలుపుతోపాటు పసుపు, కుంకుమ, గంధము, నేతి జిడ్డు, కర్పూరపు మసి పేరుకొనియుండును. ఇది నిజమైన మురికి, నీటితో పోవును. తెలుపు రాలేదని కంగారుపడక, మొదట దీనిని మాత్రము తీయవలెను. గాజుగిన్నెలోగాని, ప్లాస్టిక్ గిన్నెలోగాని గోరువెచ్చని నీరు పోసి, రెండుచుక్కల మెత్తని సబ్బునీరు కలుపవలెను. సబ్బు లేనిచో కుంకుడురసము వాడవచ్చును. కాని నలుసు లేకుండ పలుచని గుడ్డలో రెండుమార్లు వడకట్టవలెను. కుంకుడుతొక్క నలుసును గింజముక్కయు గీత పెట్టును. గిన్నె అడుగున మెత్తని గుడ్డ పరచి, నాణెములను ఒకదానికొకటి తగులకుండ పది నిమిషములు నాననీయవలెను. పిమ్మట వ్రేలికొనతో మెల్లగా అద్దవలెనేగాని, బ్రష్షుతో రుద్దరాదు. మురికి మొండిదైనచో నీరు మార్చి సబ్బునీటిలో మరల నాననీయవలెను. ఇక్కడ పని చేయవలసినది నీరును కాలమును, చేతిబలము కాదు.

తరువాత మంచినీటిలో రెండుమార్లు ముంచి తీసి, తుదకు బ్యాటరీలలో పోయు స్వేదనజలములో ఒకమారు ముంచవలెను. కుళాయినీటిలో క్లోరిను, లవణములు ఉండును. ఆరినచోట మచ్చలు పడును. రెండు నూలుగుడ్డల నడుమ నుంచి పైనుండి అద్ది తడి తీయవలెను, తుడువరాదు. అటుపిమ్మట నీడలో ఒక పూట ఆరనీయవలెను. నాణెమును ఎప్పుడును అంచులతో పట్టుకొనవలెను. వ్రేళ్ల చెమటలో ఉప్పును జిడ్డును ఉండుటచేత, ముఖముపై పెట్టిన వ్రేలిముద్ర కొన్నినెలలకు నల్లని ముద్రగా తేలును.

రెండవ పద్ధతి నలుపును వెండిగా మరల్చునది. దీనికి కావలసినవి మూడే. ఫాయిల్ అని దుకాణములలో అమ్ము పలుచని అల్యూమినియము రేకు, వంటసోడా, వేడినీరు. పింగాణిగిన్నె లోపల రేకును పరచి, నాణెములను రేకునకు తగులునట్లు ఒక్కొక్కటిగా పేర్చవలెను. వానిపై రెండు చెంచాల వంటసోడా చల్లి, అర లీటరు వేడినీరు మెల్లగా పోయవలెను. బుడగలు లేచును, కొంచెము కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చును. నాణెమును విడిచిపోవుచున్న గంధకము వాసన అది. కిటికీలు తెరచి పని చేయవలెను. ఒక నిమిషమైన పిమ్మట చెక్కచెంచాతో నాణెములను త్రిప్పివేయవలెను. రెండు మూడు నిమిషములకు మించి ఉంచనక్కరలేదు. తీసి, మొదట చెప్పినట్లే కడిగి, స్వేదనజలములో ముంచి, అద్ది ఆరనీయవలెను.

ఇందు జరుగు పని యిది. అల్యూమినియము వెండికంటె చురుకైన లోహము. సోడానీటిలో రెండును తగిలియున్నప్పుడు, అల్యూమినియము తన విద్యుత్కణములను నల్లనిపొరలోని వెండికి ఇచ్చును. ఆ వెండి గంధకముతో పొత్తు విడిచి మరల లోహమగును. విడిపడిన గంధకము నీటిలోనికిని, గాలిలోనికిని పోవును. రేకు మసకబారి క్షీణించును. వంటసోడా చేయు పని రెండు విధములు: విద్యుత్తును సాగనిచ్చుట యొకటి, రేకుపైనుండు సన్ననిపొరను తొలగించుట రెండవది. రేకునకు తగులని నాణెము మారకుండుటకు కారణమును ఇప్పుడు తెలిసినది గదా!

తోముటకును దీనికిని గల భేదము గమనింపదగినది. అందు నల్లనైన వెండిని గీకి పారవేయుదుము. ఇందు దానిని చాలవరకు నాణెముపైననే నిలుపుకొందుము. అయినను ఇది క్రొత్తనాణెపు మెరుపును తెచ్చునని ఆశింపరాదు. తిరిగివచ్చిన వెండి మునుపటివలె నునుపుగా కూర్చుండదు. కొంచెము మసక తెలుపుగా కనబడును. వయసు తెచ్చిన ఛాయయు పోవును. అందుచేతనే రెండవ భాగపు నాణెములకు దీనిని చేయవద్దనుచున్నాము. పూజనాణెములకైనను ఏటేట చేయనక్కరలేదు; నలుపు ముదిరినప్పుడు చేసిన చాలును. కొందరు ఈ నీటిలో ఉప్పును కలుపుమందురు. ఉప్పులోని క్లోరైడు వెండికి మంచిది కాదు. సోడాతోనే పని జరుగుచుండగా ఉప్పు వేయనేల? వంటకు వాడు అల్యూమినియము గిన్నెనే రేకునకు బదులు వాడుటయు తగదు. గిన్నె గుంటలు పడును.

కొన్ని నిషేధములు చెప్పవలసియున్నవి. బట్టలు తెల్లబరచు బ్లీచింగు ద్రావకము వెండిని తాకరాదు. తేజాబులో ముంచి తెల్లబరచుమని కంసాలికి ఇయ్యరాదు. నత్రికామ్లము నలుపుతోపాటు వెండినిగూడ కరిగించును. ఒక్క ముంపుతో తెల్లబరచునని బజారులో అమ్ము ద్రావకములలో పెక్కింటియందు థయోయూరియాయు, ఆమ్లమును ఉండును. అవి నలుపును కరిగించి నీటిలోనికి కొనిపోవును, వెండి తిరిగిరాదు. ఎక్కువసేపు ఉంచినచో నాణెపు సహజమైన మెరుపును తినివేయును. చేతులకును, ఊపిరికిని మంచివి కావు.

ఆభరణములలో బిగించిన నాణెముల సంగతి వేరు. లంబాడీ స్త్రీల హారములలోను, మరికొన్ని పాతనగలలోను వెండి అర్ధరూపాయలు, పావలాలు కొక్కెములతో అదికి, దారముతోను ఉన్నితోను కూర్చియుందురు. కొన్ని నగలలో లోపల లక్క పోసియుందురు. వేడినీటిలో లక్క కరగును. దారము, ఉన్ని తడిని పట్టుకొని లోపలినుండి లోహమును చెరచును. వీనిని నీటిలో వేయక, మెత్తని పొడిగుడ్డతో పైపై దుమ్ము తీసి విడువవలెను.

శుభ్రపరచుట ఒకనాటి పని. దాచుట యేండ్ల పని. నలుపు పట్టనీయకుండుటలో దాచుటయే ముఖ్యము. గంధకము కలవానికి నాణెములను దూరముగా నుంచవలెను. ఇంగువ, వెల్లుల్లి, ఉల్లి, గ్రుడ్లు ఉండు వంటింటి అలమర నాణెముల చోటు కాదు. రబ్బరుబ్యాండులో గంధకముండును; దొంతరగా చుట్టినచో బ్యాండు ఆనినచోట నల్లనిగీత పడును. ఉన్నిగుడ్డలోను, వార్తాపత్రికలోను చుట్టరాదు. దీపావళినాడు టపాకాయల పొగలో గంధకము కలియును గనుక, పూజ ముగియగానే నాణెములను ఎత్తి మూతబెట్టుట మేలు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణమువంటి తీరపట్టణములలో తేమయు ఉప్పుగాలియు ఉండుటచేత మరింత జాగ్రత్త వలయును.

మెత్తని, జిడ్డువాసన వేయు ప్లాస్టిక్ సంచులు నాణెములకు పగవారు. పి.వి.సి. అను ఆ ప్లాస్టిక్కు కాలక్రమమున చెడి, ఆమ్లమును విడిచి, నాణెముపై ఆకుపచ్చని జిగురు కట్టును. ఆ జిగురు నీటికి వదలదు. శుద్ధమైన అసిటోనులో కొద్దిసేపు ఉంచినచో వదలును. కాని అసిటోను నిప్పు సోకిన భగ్గుమనును; దీపము, పొయ్యి లేనిచోట, ఆరుబయట, గాజుగిన్నెలో, పెద్దలే ఆ పని చేయవలెను. దాచుటకు పాలియెస్టరు కవరులుగాని, నాణెములకై చేసిన ఆమ్లము లేని కాగితపు కవరులుగాని వాడి, ఒక్కొక్క కవరులో ఒక్కొక్క నాణెమును ఉంచవలెను. మూత బిగువుగా పట్టు డబ్బాలో వానిని పేర్చి, తేమను పీల్చు సిలికాజెల్ పొట్లము నొకదానిని వేయవలెను. ఆ పొట్లమును ఏడాదికొకమారు మార్చవలెను.

పూజకు అన్ని నాణెములును కావలెనా యని యోచించుట మంచిది. అరిగిన రూపాయలు రెండింటిని పూజకై వేరుపరచి, పసుపు, కుంకుమ, పంచామృతములు వానికే సమర్పించి, మరునాడే మొదటి పద్ధతిలో కడిగి ఆరబెట్టినచో పూజకును లోపము రాదు, నాణెములకును కీడు లేదు. మిగిలినవానిని కవరులతోనే పళ్లెములో నుంచి నమస్కరింపవచ్చును.

విదేశములందున్న బిడ్డలకు వీనిలో కొన్నింటిని పంపదలచువారు ఒక సంగతి తెలిసికొనవలెను. 1972నాటి పురావస్తువుల చట్టము ననుసరించి నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. కేంద్రప్రభుత్వముగాని, అది అధికారమిచ్చిన సంస్థగాని తప్ప ఇతరులు దానిని దేశము దాటించరాదు. విక్టోరియా, ఎడ్వర్డు రూపాయలన్నియు ఈ వయసు దాటినవే. పెట్టెలో బట్టలనడుమ పెట్టి పంపుట చిక్కులకు దారితీయును.

పాతనాణెములను ఎట్లు పదిలపరచుదురో చూడగోరువారు హైదరాబాదులో సైఫాబాదు టంకశాలకు పోవచ్చును. 1903 మొదలు అక్కడ నాణెములు అచ్చయినవి. 1997లో పని చర్లపల్లికి మారినది. 2022లో ఆ పాతభవనమున నాణెముల ప్రదర్శనశాల తెరచిరి. పిల్లలను వెంటబెట్టుకొని పోయినచో, ఇంట మూటలోనున్న రూపాయి ఎట్టి చోటినుండి వచ్చినదో వారికి కంటితో చూపినట్లగును.

తుదకు ఒక చిన్న పని చెప్పి ముగింతుము. నాణెము నుంచిన కవరుపై, నాణెమును లోపల పెట్టుటకు ముందే, పెన్సిలుతో రెండు ముక్కలు వ్రాయవలెను: ఇది ఎవరిచ్చినది, ఎప్పుడిచ్చినది. రూపాయిపై రాణిపేరును, సంవత్సరమును టంకశాలవారు అచ్చొత్తిరి. అమ్మమ్మ పేరును ఎవరును అచ్చొత్తలేదు. ఇంట పెద్దవారు ఉండగనే వారిని అడిగి ఆ మాట వ్రాసిపెట్టుట, రాబోవు శ్రావణమాసమునకు ముందే ముగింపదగిన పని.